అర మెట్టు కింద

వూచ్ పట్టణంలో, సగం మగ్గాలు ఆగిపోయిన నూలు మిల్లు కింద
మాకో గది ఉండేది.
గోడలనిండా గుడ్ల అట్టలు, మూలన పగిలిన డ్రమ్ము,
కిటికీ లేదు కనుక వాతావరణమూ లేదు.
జెనెక్‌కి మూడే కార్డ్‌లు వచ్చు,
మూడింటినీ కోపంగా వాయించేవాడు.
నాది బేస్.
లావుపాటి తీగ మీద ఒక్క స్వరాన్ని గుంజలా పాతి
దాని చుట్టూ ఇల్లు లేపడం నా పని.
ఆ ఇంట్లోకి రావడం బోగ్నా పని.

వచ్చేది కాదు.

గడపదాకా వచ్చేది.
ఇక చెప్పులు విప్పుతుందనుకుంటాం.
పక్కింటి మెట్ల మీద కూర్చుని
మా దీపాలకేసి చూస్తూ పాడేది.

రెండో చరణం చివర ఒక చోటుంది.
జెనెక్ సి మేజర్ మీద ఉంటాడు,
వినేవాడి చెవి పంచమం కోసం ముందే చెయ్యి చాచి ఉంటుంది,
బస్సు దిగేవాడు నేల కోసం కాలు చాచినట్టు.
సరిగ్గా అక్కడ
ఆమె అర మెట్టు కింద ఆగిపోయేది.
ఆగి, అరవకుండా, వణక్కుండా,
నాలుగు మాత్రలు అక్కడే నిలబడేది.
నాకు పళ్ళు పులిసేవి.
కడుపులో ఎక్కడో ఒక తలుపు
గాలికి తెరుచుకునేది.

రికార్డింగ్ రోజున హెరోనిమ్ గారు టేపు ఆపారు.
ముప్పై ఏళ్ళు రేడియోలో పిల్లల బృందగానాలు సరిదిద్దిన మనిషి.
"అమ్మాయ్, స్వరం జారింది."
మళ్ళీ పాడింది. మళ్ళీ ఆపారు.
సీసాలోంచి ఉప్పు దోసకాయ తీసి కొరికి,
మూత బిగించి, మళ్ళీ పాడింది.
పదకొండు సార్లు.
పన్నెండోసారి ఆయన టేపు ఆపలేదు,
హెడ్‌ఫోన్లు మెడకు దించి
పియానో దగ్గరికి నడిచి
ఒక వేలితో ఆ నల్ల మెట్టు నొక్కి చూశారు.
వెంట్రుకవాసి తేడా లేదు.
"అన్నిసార్లూ ఒకే చోట తప్పితే," అన్నారు నాతో, మెల్లగా,
ఏదో పోగొట్టుకున్నవాడిలా,
"అది తప్పు కాదు. చిరునామా."

తర్వాత పత్రికలవాళ్ళు కారణం తవ్వారు.
వాళ్ళమ్మ రాత్రి షిఫ్టు మగ్గాల దగ్గర పనిచేసేది కదా,
ఆ యంత్రాల హోరే కూతురి గొంతులో దిగిందని రాశారు.
బోగ్నా ఆ కాగితంలో దోసకాయలు చుట్టింది.
"మా అమ్మ ఇంటికొచ్చి
రేడియోలో వాల్ట్జ్‌లు పెట్టుకునేది, అన్నీ శుద్ధంగా.
నాకు, అందరూ నిలబడ్డ చోట
నిలబడబుద్ధి కాదు, అంతే."
అంతే అని నేను నమ్మలేదు.
అంతకన్నా నాకేమీ తెలియదు కూడా.

మిల్లు ఇప్పుడు దుకాణాల సముదాయం.
మా గదిలో బూట్లు అమ్ముతున్నారు.
బోగ్నా ష్చెచిన్‌లో కళ్ళద్దాల కొట్టు నడుపుతోంది,
పాడుతుందో లేదో అడగను.
నేను ట్రామ్ నడుపుతాను.

మొన్న, వాన, సాయంత్రపు రద్దీ,
నా వెనకే నిలబడ్డ కుర్రాడొకడు
కూనిరాగం తీస్తున్నాడు. మా పాటే.
కొత్తవాళ్ళెవరో మళ్ళీ పాడారట, ఏదో బ్యాంకు ప్రకటన కోసం.
రెండో చరణం చివరికొచ్చాడు.
నా వేళ్ళు బ్రేకు పిడి మీద బిగిశాయి.
వాడు పంచమం మీద దిగాడు
చక్కగా, రెండు కాళ్ళతో, పొడినేల మీద.
పాట అక్కడ అయిపోయింది.
ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు.

ఎర్ర దీపం పడింది.
ఎన్నడూ పాడని నేను,
బేస్ వాయించేవాళ్ళ గొంతు మీకు తెలుసుగా,
అద్దంలోకి చూస్తూ
అర మెట్టు కింద ఆ ఒక్క స్వరం పట్టాను,
నాలుగు మాత్రలూ.

కుర్రాడు చెవిలోంచి వైరు పీకాడు.
"తప్పు పాడారు," అన్నాడు.

"అవును," అన్నాను.